సీలింగుకి వదిలిన అంగుళంన్నర

టేపు మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే మొహం కడుక్కున్నాక తువ్వాలు ఎక్కడ పడేశారో ఆయనకి గుర్తుండదు గానీ, మెడలో కొలత టేపు మాత్రం అప్పటికే వేలాడుతూ ఉంటుంది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా దాన్ని తీయలేదు. నోరు తెరవమన్న డాక్టరుకి, ఆ తెరిచిన నోటితోనే, మీ చొక్కా భుజం అర అంగుళం కిందికి జారింది అని చెప్పబోయారు. డాక్టరు అదేదో నొప్పి అనుకుని ఇంకో సూది పొడిచాడు.

దుకాణం భార్యాభర్తలిద్దరిదీ. కత్తెర ఆవిడది, మిషను ఈయనది. పెళ్ళయిన కొత్తలోనే ఈ పంపకాలు జరిగిపోయాయి. మాస్టారు స్వయంగా కత్తిరించి కుట్టిన మొదటి కోటు తొడుక్కున్నాయన బస్సులో పైన కమ్మీ పట్టుకోబోతే, కోటు మొత్తం లేచొచ్చి ఆయన చెవుల దగ్గర కూర్చుందట. ఆవిడ ఆ సాయంత్రమే కత్తెర లాక్కుంది. ఇరవై ఆరేళ్ళయింది, మళ్ళీ ఇవ్వలేదు.

ఇవ్వకపోగా, ఆ ఇరవై ఆరేళ్ళూ ఆయన్ని తిడుతూనే ఉంది. ఆ తిట్లకి ఒక వరస ఉండేది. మొదట కుట్టు మీద, తర్వాత కుట్టినాయన కళ్ళ మీద, చివర్లో అలాంటి కళ్ళున్న మనిషిని ఏరికోరి చేసుకున్న తన కళ్ళ మీద. వీధిలో అందరూ ఆవిణ్ణి జడ్జిగారు అనేవాళ్ళు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఆ విచారణ వింటూ, కడుపు లోపలికి లాక్కోవాలన్న సంగతి మర్చిపోయి పకపకా నవ్వేవాళ్ళు. అప్పుడే వాళ్ళ నడుము అసలు కొలత బయటపడేది. అలా చూస్తే తిట్లు కూడా వ్యాపారంలో భాగమే.

ఇలాంటి మనిషి స్టూలు మీంచి పడింది.

బట్ట మీద పెట్టి గీసుకునే కాగితపు కటింగుల కట్ట పై అరలో ఉంటే, దాని కోసం ఎక్కింది. స్టూలు కాలు ఊగుతోందని ఆర్నెల్లుగా చెబుతూనే ఉంది. రేపు బిగిస్తానని మాస్టారూ ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళే దారంతా ఆయన తిట్ల కోసం ఎదురుచూశారు. న్యాయంగా తనకి రావలసినవి. ఒక్కటీ రాలేదు. నొప్పి వల్ల అనుకుని సరిపెట్టుకున్నారు.

వెన్నుపూసలో సన్నని చీలిక అన్నారు డాక్టరు. పన్నెండు వారాలు వెల్లకిలా పడుకోవాలి. దిండు వద్దు, లేచి కూర్చోవడం వద్దు, పక్కకి తిరగాలన్నా ఒకరు పట్టుకుని తిప్పాలి. దుకాణానికి వెనకే పడకగది, మధ్యలో ఒక తలుపు. మంచం మీద ఆవిడ, పైన సీలింగు. సీలింగు మీద వానల్లో చెమ్మ దిగి ఎండిపోయిన గోధుమరంగు మరక ఒకటి. ఆవిడ దాన్ని చూస్తూ పడుకునేది.

మూడోవారంలో ఇంట్లోకి ఒక కొత్త మాట వచ్చింది.

"కిటికీ తెరవనా, మూయనా?" అని మాస్టారు అడిగారు.

"మీ ఇష్టం."

మాస్టారు కిటికీ దగ్గరే నిలబడిపోయారు. ఇరవై ఆరేళ్ళలో తనకంటూ ఒక ఇష్టం ఉందని ఆవిడ ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఇంకో మొగుడైతే పండగ చేసుకునేవాడేమో. ఈయనకి గుండెల్లో రాయి పడింది. ఏం వండమంటావన్నా మీ ఇష్టం, ఏ దుప్పటి కప్పాలన్నా మీ ఇష్టం, దుకాణం మూసేయనా అన్నా మీ ఇష్టం. వారం తిరిగేసరికి ఆ రెండు మాటలు వింటే ఆయనకి ఒళ్ళు జలదరించేది.

ఈలోగా కత్తెర పట్టక తప్పలేదు. పట్టారు. డ్రైవింగ్ స్కూలాయన ప్యాంటు బట్ట ఇచ్చి వెళ్ళాడు. ఆ బట్టకి లోపలి వైపు వేరు, బయటి వైపు వేరు. మడత పెట్టి రెండు కాళ్ళూ ఒకేసారి కత్తిరిస్తే ఏ గొడవా ఉండదు. మాస్టారు బట్ట పరిచి, కాగితపు కటింగు పెట్టి, ఒక కాలు కత్తిరించారు. కాగితం తిప్పకుండా అలాగే జరిపి ఇంకోటి కత్తిరించారు. తీరా చూస్తే రెండూ ఎడమకాళ్ళే. ఆ సంగతి ఎక్కడ బయటపడిందంటే, డ్రైవింగ్ స్కూలాయన దుకాణంలో నిలబడి ప్యాంటు వేసుకున్నాక. కుడికాలు దానంతటదే ఎడమవైపు తిరిగి చూస్తోంది.

"మాస్టారూ, ఈ రెండు కాళ్ళతో క్లచ్చు బ్రహ్మాండంగా తొక్కుతాను. బ్రేకు వెయ్యడానికి మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోనా?" అన్నాడాయన.

మాస్టారు ఆ ప్యాంటు పట్టుకుని పడకగదిలోకి వెళ్ళారు. ముద్దాయి తనంతట తనే సాక్ష్యంతో సహా కోర్టుకి వచ్చినట్టు. మంచం పక్కన నిలబడి, రెండు కాళ్ళూ విప్పి, ఆవిడ కళ్ళకెదురుగా పట్టుకున్నారు. ఇంతకన్నా పెద్ద తప్పు ఆయన సర్వీసులో లేదు. లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. దీనికైనా తిట్టకుండా ఎలా ఉంటుంది?

ఆవిడ చూసింది. "పోనీలెండి. ఆయనకి కొత్త బట్ట కొనివ్వండి," అని మళ్ళీ మరక వైపు చూపు తిప్పింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు మిషను తొక్కుతూ ఏడ్చారు. మిషను చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదని ఆయనకి తెలుసు. ఎముక అతుక్కుంటుందని డాక్టరు చెప్పారు, ఆ భయం లేదు. భయమల్లా, ఎముక అతుక్కుని లేచి నిలబడే మనిషి ఆవిడ కాకుండా, ఎవరో మీ ఇష్టం అనే మనిషి అయితే ఎలాగని. ఆ మనిషితో కాపురం చెయ్యడం ఆయనకి రాదు.

మర్నాడు బావమరిది వచ్చాడు. లిఫ్టులు బాగుచెయ్యడం అతని పని. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని పైకి లాగేది తనే కాబట్టి, లోకంలో తనకి తెలియనిది లేదని అతని నమ్మకం.

"అక్క బుర్రకి ఏదో ఒక కాలక్షేపం కావాలి బావా. ఎంతసేపని ఆ మరకని చూస్తుంది? సినిమాలు పెట్టు."

"ఫోను ఇచ్చాం కదా. చేతులు నొప్పి పుట్టి రెండుసార్లు ముక్కు మీద వదిలేసుకుంది."

"అయితే టీవీ. సీలింగుకి బిగించేస్తా. అంతంత లిఫ్టుల్నే వేలాడదీస్తున్నా, టీవీ ఎంత?"

"లిఫ్టు కింద మీ అక్క పడుకోదు కదరా."

బావమరిది కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ప్రొజెక్టరు! గోడ మీద కాదు, సీలింగు మీదకే వేద్దాం. పైనుంచి పడితే వెలుగే పడాలి. నూట ఇరవై అంగుళాల బొమ్మ బావా!"

అంగుళాలు అనేసరికి మాస్టారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎక్కణ్ణుంచి ఎక్కడికి నూట ఇరవై?"

"ఈ మూల నుంచి ఆ ఎదురు మూలకి."

"అదేం కొలతరా? నడుమెంత అని అడిగితే ఎడమ భుజం నుంచి కుడి మోకాలికి చెబుతారా?"

"లోకమంతా అలాగే కొలుస్తారు బావా."

"అందుకే లోకంలో ఎవడికీ బట్టలు సరిగ్గా ఉండట్లేదు," అని మాస్టారు టేపు చేతిలోకి తీసుకున్నారు.

డబ్బు విషయంలో పెద్దగా ఆలోచించలేదు. ఓవర్‌లాక్ మిషను కోసం ఆవిడ ఒక రేకుడబ్బాలో దాస్తూ వచ్చింది. బట్ట అంచుల్లోంచి పోగులు ఊడిపోకుండా కుట్టే మిషను అది. డబ్బాలో ఎంతుందో అంతే ప్రొజెక్టరుకి, ఒక్క నోటు కూడా పైన అప్పు చెయ్యకూడదు అని తీర్మానించుకున్నారు. అడిగితే మీ ఇష్టం అంటుంది కాబట్టి అడగలేదు. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక ఆయనకి లేదు.

కొలతలు మాత్రం పద్ధతిగా తీశారు. మనిషిని చూడకుండా కొలత రాసుకోవడం ఆయన వృత్తిలో పాపం. అందుకని ఆవిడ పక్కనే వెల్లకిలా పడుకుని, సీలింగుని ఆవిడ చూసే చోటునుంచే చూశారు. గది పదడుగులు, తొమ్మిదడుగులు. నేల నుంచి సీలింగుకి ఎనిమిదిన్నర. ప్రొజెక్టరు పెట్టబోయే స్టూలు అడుగున్నర. మిగిలింది ఏడడుగులు. ఫ్యాను సరిగ్గా బొమ్మ పడే చోటే ఉంది, దాన్ని తీసేయాలి. ఇదంతా చేస్తూ ఆయన ఒక ప్రశ్న కోసం కాచుకుని ఉన్నారు. ఏంటండీ ఈ కొలతలు, నన్ను పైకి పంపించడానికా అని ఆవిడ అడగాలి. అడిగితే చెప్పడానికి జవాబు కూడా తయారుచేసుకున్నారు. ఆవిడ అడగలేదు. టేపు తన మొహం మీదుగా పోతుంటే కళ్ళు మూసుకుంది, అంతే.

ప్రొజెక్టర్ల దుకాణంలో టై కట్టుకున్న ఒక సేల్స్‌మ్యాను ఎదురొచ్చాడు. మాస్టారు ముందు అతని కాలరు చూశారు. మెడ పదిహేను, కాలరు పదహారున్నర. పాపం ఎవరో బుట్టలో వేశారు అనుకున్నారు.

"ఎంత సైజు కావాలి సార్? నూట యాభై దాకా వస్తుంది," అన్నాడతను.

"దూరం ఏడడుగులు. ఆ దూరంలో అడ్డంగా ఎంతొస్తుందో చెప్పండి. మూల నుంచి మూలకి వద్దు."

సేల్స్‌మ్యాను తడుముకున్నాడు. లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి, ఒక పెట్టె చూపించి, దీనికి అడుగు దూరానికి పదంగుళాల వెడల్పు చొప్పున వస్తుందన్నాడు. ఏడడుగులకి డెబ్భై అంగుళాలు. మాస్టారు మొహం విప్పారింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతున్నారు. బావమరిది చెప్పిన మూల నుంచి మూలకి నూట ఇరవై, అంటే అడ్డంగా నూట అయిదు, ఆ గదిలో రావాలంటే సీలింగు ఇంకో మూడున్నర అడుగులు పైకి లేపాలి. ఒకవేళ లేపినా, గోడ నుంచి గోడదాకా పరుచుకున్న బొమ్మని చూడటానికి ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పాలి. మెడ తిప్పకూడదనే కదా దిండు కూడా తీసేశారు.

"గదిలో కిటికీ ఉందా సార్?"

"ఉంది. పడమటి వైపు."

"చూసేది పగలా, రాత్రా?"

"పగలే. పగలంతా."

"అయితే ఇది చాలదు. పగటి వెలుతురులో బొమ్మ వెలిసిపోతుంది. ఎక్కువ వెలుగున్నది తీసుకోండి, అదిగో," అని చెయ్యి చూపించాడు. దాని ధర రెండింతలు.

"కిటికీకి మందంగా రెండు పొరలు, మధ్యలో నల్ల అస్తరు వేసి, గోడకి ఆనుకునేలా కర్టెను కుడితే?"

సేల్స్‌మ్యాను చాపిన చెయ్యి దించేశాడు. "అప్పుడు మొదట చూపించిందే సరిపోతుంది," అన్నాడు, ఇష్టం లేకుండా.

"దీని మీద ఫోర్‌కే సపోర్టు అని రాశారు. సపోర్టు అంటే ఏంటి?"

"అంటే... అంత మంచి బొమ్మ పంపించినా తీసుకుంటుంది సార్."

"తీసుకుంటుంది సరే. అంతే మంచిగా చూపిస్తుందా?"

సేల్స్‌మ్యాను టై సర్దుకున్నాడు.

"చూడండి," అన్నారు మాస్టారు ఆప్యాయంగా, "నా సొరుగులో పెద్ద పెద్ద కంపెనీల లేబుళ్ళు డజనున్నాయి. ఎవరికి ఏది కావాలంటే అది కాలరు లోపల కుట్టి పంపించాను. నా చెవిలో పువ్వులు పెట్టకండి. ఇది స్వయంగా ఎంత చూపిస్తుందో చెప్పండి."

అది చూపించేది ఫుల్ హెచ్‌డీ, ఫోర్‌కే కన్నా ఒక మెట్టు కింద, అని తేలింది. దానికది తక్కువేం కాదు. పక్క పెట్టె మీద ఇంకా పెద్ద అక్షరాలున్నాయి గానీ, లోపలున్నది అందులో సగం కూడా లేదు. మాస్టారు దాన్ని గౌరవంగా పక్కన పెట్టేశారు. లేబుళ్ళ విషయంలో తోటి పనివాళ్ళని ఆయన తప్పుపట్టరు.

తర్వాత చేసిన పనికి దుకాణంలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మాస్టారు చెప్పులు విడిచి, నేలమీద వెల్లకిలా పడుకున్నారు.

"సార్, ఒంట్లో బాగుందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పడుకుని చూసేదాన్ని నిలబడి ఎలా ఎంచుకుంటాను? కూర్చుంటే ప్యాంటు పట్టేస్తుందో లేదో, నిలబడి చూస్తే తెలుస్తుందా? పెట్టండి, పైకి వెయ్యండి."

మొదట పెట్టినదాన్ని మూతి పైకి వచ్చేలా నిలబెట్టేసరికి, గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగున పడి మూసుకుపోయాయి. పావుగంటలో ఇస్త్రీపెట్టెలా కాలిపోయింది. ఇలా నిలబెట్టడానికి చేసింది కాదు సార్, అని సేల్స్‌మ్యాను అప్పుడు నిజం చెప్పాడు. రెండోది కాలలేదు గానీ, లోపలి ఫ్యాను హోరు. దానిపక్కన మాస్టారి పాత మిషను జోలపాట పాడుతుందనాలి. మంచం పక్కన, చెవికి మూరెడు దూరంలో ఉండే వస్తువు అది. మూడోది చిన్నది. దాని స్టాండులో అది నిటారుగా పైకి తిరుగుతుంది, గాలి పక్కల నుంచి పీలుస్తుంది, చప్పుడు లేదు. మిగతా రెండింటి కన్నా వెలుగు కాస్త తక్కువ. ఆ తక్కువని కర్టెను చూసుకుంటుంది. డెబ్భై అంగుళాలు ఇదీ ఇస్తుంది. డబ్బాలో ఉన్నదానికి సరిపోయి, కర్టెను బట్టకి కూడా మిగిలింది.

లేచి దుమ్ము దులుపుకుంటూ మాస్టారు సేల్స్‌మ్యాను చెవిలో, "కాలరు పదిహేనున్నర మించకుండా కొనుక్కోండి, టై కుదురుగా ఉంటుంది," అని చెప్పి వచ్చారు.

రెండు రోజుల్లో కర్టెను తయారైంది. బావమరిది ఫ్యాను విప్పి, మూలకి టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఆర్నెల్లుగా రేపు రేపు అన్న స్టూలు కాలుకి మాస్టారు నాలుగు మేకులు కొట్టి, పైన ఎక్కి రెండుసార్లు గెంతి చూసి, మంచం పక్కన పెట్టారు. ఇక మిగిలింది ఆ మరక. ఎక్స్‌రే తియ్యడానికి బావమరిదీ అతని భార్యా కలిసి ఆవిణ్ణి ఆస్పత్రి బండిలో తీసుకెళ్ళిన పూట, మాస్టారు అర్జెంటు పనుందని ఆగిపోయారు. నిచ్చెనెక్కి, బట్టల సుద్దతో సీలింగు మీద చక్కగా దీర్ఘచతురస్రం గీసి, దాని లోపల మాత్రం తెల్లరంగు వేశారు. మొత్తం సీలింగుకి వేసే తీరిక లేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి రంగు ఆరిపోయింది.

మంచం మీద పడుకోబెట్టగానే ఆవిడ సీలింగు చూసింది. నాలుగువారాలుగా చూస్తున్న మరక లేదు. పసుపు తేలిన పాత సీలింగు మధ్యలో ఒక తెల్లని పలక. చాలాసేపు చూసింది.

"మరక పోయిందే," అంది, అంతే. అది సంతోషమో, ఉన్న ఒక్క తోడూ పోయిందన్న బాధో ఆయనకి అర్థం కాలేదు. ఇంత ఆర్భాటం చేసి ఇదీ ఉత్తదే అయిపోతే ఇక చెయ్యడానికేమీ లేదని మాత్రం అర్థమైంది.

మర్నాడు భోజనాలయ్యాక కర్టెను లాగారు. గదిలో చీకటి కుదిరింది. ఎండ కిటికీ బయటే ఆగిపోయింది. బావమరిది మీట నొక్కాడు. సీలింగు మీద డెబ్భై అంగుళాల వెడల్పున, అడుగుకి పది చొప్పున లెక్క తప్పకుండా, బొమ్మ వెలిగింది. కోటు వేసుకున్న కథానాయకుడు ఎవరో నలుగుర్ని తరుముతున్నాడు. మాస్టారికి సినిమా కనిపించడం లేదు. ఆయన చూస్తున్నది ఆవిడ మొహం.

పది నిమిషాలు గడిచాయి. కథానాయకుడు ముగ్గుర్ని కొట్టేశాడు. ఆవిడలో ఉలుకూ పలుకూ లేదు.

"అదేంటి?" అంది ఉన్నట్టుండి.

"ఏది? విలనా?"

"విలను కాదు. బొమ్మ చుట్టూ తెల్లగా ఉన్నదేంటి?"

మాస్టారు పైకి చూశారు. బొమ్మ ఒకచోట ఆగిపోయింది, ఆయన వేసిన తెల్లరంగు ఇంకాస్త దూరం పోయి ఆగింది. నాలుగు వైపులా సమానంగా ఒక పట్టీ.

"నాలుగు పక్కలా ఉంది," అంది ఆవిడ, కళ్ళు చికిలించి. "పైన అంగుళంన్నర. కింద అంగుళంన్నర. ఈ పక్కా అంతే, ఆ పక్కా అంతే. ఎందుకుందది?"

మాస్టారికి చెప్పక తప్పలేదు.

"కుట్టుకి వదిలాను."

ఇరవై ఆరేళ్ళుగా ఏ బట్ట కుట్టినా చుట్టూ కుట్టుకి అంగుళంన్నర చూసుకున్న చెయ్యి, సీలింగు మీదా వదిలేసింది. వదులుతున్నానని కూడా ఆయనకి తెలియదు. ఆవిడ పొట్ట కదలడం మొదలుపెట్టింది. మాస్టారు కంగారుపడ్డారు, నొప్పేమో అని.

"కుట్టుకా?" అంది ఆవిడ. "సీలింగుకా? మడిచి కుడతారా సీలింగుని? మిషను పైకెక్కిస్తారా, సీలింగు కిందికి దింపుతారా? అంచులకి ఓవర్‌లాక్ కూడా కొట్టిస్తారా పోగులు ఊడకుండా?"

"అక్కా, నవ్వకు, నడుము," అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్మూసుకోరా! సీలింగుకి మార్జిను వదులుతుంటే నిచ్చెన పట్టుకుని నిలబడ్డావా?"

"నేను నీతోనే ఆస్పత్రిలో ఉన్నా కదే!"

ఇక ఆగలేదు. వరస తప్పకుండా వచ్చాయి. ముందు ఆ పట్టీ మీద, తర్వాత ఆ పట్టీ వదిలినాయన కళ్ళ మీద, తర్వాత తన కళ్ళ మీద. నాలుగు వారాల బాకీ మొత్తం ఒకేసారి తీర్చేసింది. రెండు ఎడమకాళ్ళ ప్యాంటు దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా సాగింది. "రెండు ఎడమకాళ్ళు! చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది మనిషికి ఒకటే ఎడమకాలని! ఆయన ఆ ప్యాంటుతో రోడ్డు మీదికెళ్తే ఎంతమంది ప్రాణాలు పోయేవి?" దుకాణం ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. జడ్జిగారు మళ్ళీ బెంచెక్కారని ఎవరో అనడం లోపలికి వినిపించింది.

మాస్టారు మంచం పక్కన నేలమీద కూలబడ్డారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆయనకే తెలియలేదు. "ఆరోజే ఎందుకు తిట్టలేదు? నా ప్రాణం పోయిందనుకో," అన్నారు.

ఆవిడ గొంతు తగ్గింది. "కత్తెర పట్టలేనిదాన్ని. చెప్పి ఏం లాభం అనుకున్నాను. మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడతానో లేదో కూడా తెలియదు. ఇక మీ బతుకేదో మీరు బతకాలి కదా అని."

"రెండు ఎడమకాళ్ళతోనా?"

ఆవిడ మళ్ళీ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి కిందికి చాపి, తడిమి, స్టూలు కాలు పట్టుకుని ఊపింది. ఊగలేదు.

"బిగించారన్నమాట," అంది. "మనిషి పడితే కాదు, సినిమా పడిపోతుందేమోనని."

మాస్టారు తల దించుకున్నారు. ఆవిడ స్టూలు కాలు వదిలేసి, "డబ్బాలో డబ్బేనా?" అంది.

"ఊఁ."

"మూతైనా సరిగ్గా పెట్టారా?"

"పెట్టాను."

"సరే. ముందు ఆ కోటువాణ్ణి ఆపండి. ఎవడు కత్తిరించాడో గానీ, చెయ్యెత్తితే భుజం చెవిలో దూరుతోంది. చూడలేక చస్తున్నా. నా ఖర్మ, మీ మొదటి కోటే గుర్తొస్తోంది."

బావమరిది ఆపేశాడు. ఆవిడ తెల్లని పలక వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. "ఒరేయ్, ఫోనులో కనిపించేది ఏదైనా ఇందులో పైన కనిపిస్తుందా?"

"ఏదైనా కనిపిస్తుందక్కా."

"దుకాణంలో బల్ల కూడానా? ఇప్పటికిప్పుడు, అక్కడేం జరుగుతోందో?"

లిఫ్టులు వేలాడదీసేవాడికి ఫోను వేలాడదీయడం ఎంతసేపు? పొద్దుటికల్లా కటింగు బల్లకి సరిగ్గా పైన ఒక రాడ్డు బిగించి, దానికి ఫోను తలకిందులుగా కట్టేశాడు. లోపలి గదిలో, సీలింగు మీద బల్ల మొత్తం కనిపించింది. మాస్టారి చేతులు, సుద్ద, కత్తెర, పైనుంచి చూస్తే ఇన్నాళ్ళూ ఎవరూ ఆయనకి చెప్పని బట్టతల. దాని మీద కూడా ఆవిడ ఒకటి రెండు మాటలు అంది. మధ్యలో తలుపు తెరిచే ఉంచారు, గొంతు వినపడటానికి.

మొదటి పని డ్రైవింగ్ స్కూలాయనదే. కొత్త బట్ట కొని తెచ్చి, మాస్టారు బల్ల మీద పరిచారు. కాగితపు కటింగు పెట్టి, సుద్దతో ఒక కాలు గీశారు. కాగితం అలాగే జరిపి ఇంకో కాలు గీశారు. చుట్టూ అంగుళంన్నర వదిలారు. కత్తెర తీసుకుని, దాని నోరు తెరిచి, బట్ట అంచుకి ఆనించారు.

"ఆగండి!" అని వినిపించింది లోపలి నుంచి.

కత్తెర ఆగింది.

"మార్జిను బాగానే ఉంది. రెండో కాగితం తిప్పండి. ఆయనకి బ్రేకు వేసే కాలు కూడా కావాలి."

మాస్టారు టేపు కొసతో కళ్ళు తుడుచుకుని, కాగితం తిప్పారు.